అడిగే నాథుడెవరు?

1935వ సంవత్సరంలో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో చాడ్ వరా అనే యువ మతాచార్యుడు తన జీవితంలో మొట్టమొదటి అంత్యక్రియలు జరిపించాడు. శవపేటికలో ఉన్నది పద్నాలుగేళ్ళ బాలిక. ఈడేరిన ప్రతి పిల్లకూ సహజంగా జరిగేదే ఆమెకూ జరిగింది. అదేమిటో చెప్పేవారు లేక, తనకేదో చెప్పుకోరాని రోగం పట్టుకున్నదని భయపడి, ఆ పిల్ల ప్రాణం తీసుకున్నది. అడగడానికి ఒక్క మనిషి ఉండి ఉంటే ఆ చావు జరిగేది కాదన్న ఆలోచన ఆ యువకుణ్ణి పద్దెనిమిదేళ్ళపాటు వదలలేదు.

1953 నవంబరు 2న లండను నడిబొడ్డున ఉన్న సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో ఆయన ఒక టెలిఫోను ముందు కూర్చున్నాడు. బ్రతుకు మీద ఆశ వదులుకున్నవారెవరైనా ఆ నంబరుకు ఫోను చేయవచ్చునని పత్రికలు వ్రాశాయి. ఫోను చేసేవారితోబాటు స్వయంగా వచ్చేవారూ ఎక్కువయ్యారు. వారు తమ వంతు వచ్చేవరకు ఒంటరిగా కూర్చోకుండా, కప్పుడు టీ ఇచ్చి నాలుగు మాటలు మాట్లాడటానికి కొందరు సామాన్యులు ముందుకు వచ్చారు. కొద్ది నెలలలోనే వరా ఒక చిత్రం గమనించాడు. వచ్చినవారిలో చాలామంది ఆ టీ త్రాగి, ఆ మాటలు చెప్పుకొని, ఆయనను చూడవలసిన పని లేకుండానే తేలికపడి వెళ్ళిపోతున్నారు! ఆయనకు అహంకారం లేదు కాబోలు, 1954 ఫిబ్రవరి 2న ఫోనును ఆ స్వచ్ఛంద సేవకులకే అప్పగించాడు. నేడు సమారిటన్స్ అన్న పేరుతో ప్రపంచమంతటా తెలిసిన సంస్థ ఆ విధంగా పుట్టింది.

ఈ కథ చాలామంది పాఠకులు ఎరిగినదే కావచ్చు. అయితే ఇందులో తరచుగా మరచిపోయే సంగతి ఒకటున్నది. ఫోను ఎత్తేవారిలో దయ ఉండటం ఒక ఎత్తు. రాత్రి రెండు గంటలకు కూడా ఆ ఫోను ఎత్తుతున్నారా లేదా అని ఎవరో ఒకరు లెక్క చూడటం మరొక ఎత్తు. దయగలవారిని లోకం గుర్తు పెట్టుకుంటుంది. లెక్క చూసినవారి పేరు ఎవరికీ జ్ఞాపకం ఉండదు. భారతదేశంలో ఈనాడు కష్టంలో ఉన్న యువజనుల సేవలకు వచ్చిన చిక్కంతా ఈ రెండవ మనిషి దగ్గరనే ఉన్నది.

సేవలు లేవని అనడానికి వీలులేదు. 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ మద్రాసులో 'స్నేహ' సంస్థను స్థాపించారు. వరా ప్రారంభించిన పద్ధతిలోనే అక్కడ కూడా శిక్షణ పొందిన సామాన్యులు ఫోను ఎత్తి వింటారు. పరీక్ష తప్పిన పిల్లలకు ఒక సంవత్సరం వృథా కాకుండా వెంటనే మరొక పరీక్ష పెట్టాలని ఆ సంస్థ పట్టుబట్టింది. తమిళనాడు ప్రభుత్వం ఆ మాట విన్నది. ఎన్ని ఓదార్పు మాటలు చెప్పినా చేయలేని మేలు, పరీక్షల కాలపట్టికలో చేసిన ఒక్క మార్పు వల్ల సాధ్యమైంది.

1996లో బొంబాయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు చెందిన జెరూ బిల్లిమోరియా వీధి బాలల కోసం ఒక ఫోను సేవను ప్రారంభించారు. దాని నంబరు 1098. హిందీలో 'దస్, నౌ, ఆఠ్' అని వెనుకకు లెక్కపెట్టినట్లు పలికితే చాలు, అక్షరం రాని పిల్లవాడు కూడా మరచిపోడు. నంబరు ఎంత తెలివైనదో, దాని వెనుక ఉన్న ఏర్పాటు కూడా అంత తెలివైనదే. ఫోను ఎత్తేదీ, పిల్లవాడి దగ్గరకు పరుగెత్తేదీ స్వచ్ఛంద సంస్థలు. వాటికి పైన, జిల్లా అధికారి అధ్యక్షతన పోలీసు, వైద్య, విద్య, కార్మిక శాఖల వారితో కూడిన సలహా సంఘం. ఒక పిల్లవాణ్ణి ఆస్పత్రిలో చేర్చుకోనంటే ఎందుకు చేర్చుకోలేదని ఆ సంఘంలో అడగవచ్చు. ఆ విధంగా సేవచేసే చేయి ఒకటి, ప్రశ్నించే నోరు మరొకటిగా ఉండేవి.

2023 నాటికి ఆ ఏర్పాటు మారింది. 1098ని స్వచ్ఛంద సంస్థల నుంచి తీసుకొని రాష్ట్ర, జిల్లా యంత్రాంగాలకు అప్పగించి, అత్యవసర సేవల నంబరు 112తో ముడివేశారు. దీనివల్ల కలిగిన లాభాన్ని కాదనలేము. ప్రభుత్వోద్యోగి వెళ్ళి తలుపు తట్టితే తెరుచుకునే తలుపులు కొన్ని ఉంటాయి. పోలీసు అంటే భయపడే పిల్లవాడు అదే నంబరుకు ఫోను చేస్తాడా అన్న సందేహమూ అప్పుడే వచ్చింది. కాని అంతకంటే ముఖ్యమైన మార్పు వేరే ఉన్నది. ఇదివరకు ప్రశ్నించవలసిన యంత్రాంగమే ఇప్పుడు సేవ కూడా చేస్తున్నది. తన పనిని తానే పరీక్షించుకొని తనకు తానే మార్కులు వేసుకోవడం విద్యార్థికి గాని, జిల్లా కచేరీకి గాని అంత సులభం కాదు గదా!

మానసికమైన కష్టాలకు వేరే నంబరున్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ నంబరు 14416. బెంగుళూరులోని నిమ్హాన్స్ దీనికి కేంద్ర స్థానం. రాష్ట్రాలన్నిటిలో శాఖలున్నాయి. తెలుగుతో సహా ఇరవై భాషలలో, రాత్రింబవళ్ళు, ఉచితంగా మాట్లాడవచ్చు. ఇప్పటికి 20 లక్షలకు పైగా ఫోనులు వచ్చాయి. అవసరం ఎంత ఉన్నదో తెలియజేయడానికి ఇది చాలు. ఫోను పెట్టేసిన తరువాత ఆ మనిషి ఏమయ్యాడన్నదే అసలు ప్రశ్న. అక్కడి నుంచి కథ జిల్లాకు వస్తుంది.

జిల్లా కథ విశాఖపట్నంలో మొదలవుతుంది. 2023 జులైలో, వైద్యవిద్య ప్రవేశపరీక్షకు శిక్షణ పొందుతూ అక్కడి హాస్టలులో ఉన్న పదిహేడేళ్ళ బాలిక మరణించింది. ఆమెది పశ్చిమ బెంగాల్. దర్యాప్తు జరిగిన తీరు మీద నమ్మకం లేక, కేసును కేంద్ర దర్యాప్తు సంస్థకు అప్పగించమని తండ్రి కోర్టుకు వెళ్ళాడు. హైకోర్టు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు ఒప్పుకున్నది. 2025 జులై 25న న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతా ఆ కేసును కేంద్ర దర్యాప్తు సంస్థకు బదిలీ చేసి అంతటితో ఆగలేదు. దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను నియమాలు విధించారు. చట్టం వచ్చేవరకు అవే చట్టం. తీర్పులో ఉదహరించిన లెక్క ఇది: 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకోగా వారిలో 13,044 మంది విద్యార్థులు. పరీక్ష తప్పడం కారణంగా నమోదైనవి 2,248.

నూరుమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ, పిల్లల మనస్సును అర్థం చేసుకునే శిక్షణ పొందిన ఒక కౌన్సెలరు గాని, మనోవిజ్ఞానవేత్త గాని, సామాజిక కార్యకర్త గాని తప్పక ఉండాలి. నూరుకు తక్కువైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కులనుబట్టి పిల్లలను వేరు వేరు సెక్షన్లుగా విడదీయరాదు, నలుగురిలో అవమానించరాదు. ఉపాధ్యాయులకు, ఇతర సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హాస్టలులో, తరగతిలో, అందరూ తిరిగేచోట సహాయ నంబర్లను పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంచాలి. ఇవన్నీ విద్యాసంస్థల మీద పెట్టిన భారం. ప్రభుత్వం మీద పెట్టిన భారం వేరు. ప్రైవేటు శిక్షణ కేంద్రాలను రిజిస్టరు చేసే నియమాలు రెండు నెలలలో ప్రకటించి, ప్రతి జిల్లాలోనూ కలెక్టరు అధ్యక్షతన ఒక పర్యవేక్షణ సంఘం ఏర్పరచాలి. విద్య, ఆరోగ్యం, బాలల రక్షణ శాఖలవారితో బాటు పౌర సమాజపు ప్రతినిధులు కూడా అందులో ఉండాలి. ఆ సంఘం తనిఖీలు చేయాలి, ఫిర్యాదులు వినాలి.

తీర్పు మీద జరిగిన చర్చంతా కౌన్సెలర్ల చుట్టూ తిరిగింది. తెలుగువారికి ఆ మాటతో ఒక చిన్న చిక్కున్నది. కౌన్సెలింగ్ అనగానే తెలుగు తల్లిదండ్రులకు మొదట స్ఫురించేది ఇంజనీరింగు సీట్ల కేటాయింపు. ర్యాంకు కార్డు, సర్టిఫికెట్ల కట్ట చేతబట్టుకొని వరుసలో నిలబడిన రోజు. ర్యాంకు వచ్చినవాడికి ఒక కౌన్సెలింగ్, రానివాడికి మరొక కౌన్సెలింగ్! రెంటికీ ఒకే మాట వాడవలసి రావడం భాషలో జరిగిన చిన్న ప్రమాదమే గాని, అందులో ఒక నిజం దాగి ఉన్నది. ఆ రెండు కౌన్సెలింగులనూ పుట్టించేది ఒకే పరీక్ష.

పర్యవేక్షణ సంఘం గురించి మాట్లాడినవారు తక్కువ. సంఘాలంటే జనానికి విసుగు పుట్టింది, అందులో తప్పు లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జూనియర్ కాలేజీ విద్యార్థుల మరణాలపై 2001లోనే నీరదా రెడ్డి సంఘం విచారించింది. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి సంఘం మళ్ళీ అదే పని చేసింది. రెండు సంఘాలకు నడుమ పదహారేళ్ళు. మొదటి సంఘం విచారణ నాడు పుట్టిన బిడ్డ రెండవ సంఘం నాటికి కాలేజీ గుమ్మంలో నిలబడి ఉంటాడు. విచారించే సంఘాలకు కొరత ఎన్నడూ లేదు. విచారణ సంఘానికీ పర్యవేక్షణ సంఘానికీ భేదం ఉన్నది. మొదటిది జరిగినదానిని గురించి ఒకసారి వ్రాసి లేచిపోతుంది. రెండవది ప్రతి నెలా వచ్చి కూర్చోవాలి.

కూర్చోకపోతే ఏమవుతుందో మరొక ఉదాహరణ చెబుతుంది. జిల్లా మానసిక ఆరోగ్య పథకం అనే ఏర్పాటు ఇప్పటిది కాదు. నిమ్హాన్స్ వారు బళ్ళారి జిల్లాలో ప్రయోగం చేసి చూపించిన తరువాత, 1996లో కేంద్ర ప్రభుత్వం దానిని నాలుగు జిల్లాలలో ప్రారంభించింది. అస్సాంలో నౌగావ్, తమిళనాడులో తిరుచిరాపల్లి, ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో మెదక్, రాజస్థాన్‌లో సీకర్. తరువాత అది దేశమంతటా వ్యాపించింది. ఖాళీగా పడి ఉన్న ఉద్యోగాలు, ఖర్చు కాక తిరిగిపోయిన డబ్బు, ఈ రెండూ ఆ పథకాన్ని వదలలేదు. 2025 నాటి తీర్పులో, విద్యార్థులు గుంపులుగా చేరే నగరాలంటూ సుప్రీంకోర్టు కొన్ని పేర్లు చెప్పి, అక్కడ మరింత జాగ్రత్త కావాలని హెచ్చరించింది. జయపూర్, కోటా, చెన్నై, హైదరాబాదు, ఢిల్లీ, బొంబాయి పేర్ల మధ్య ఒక చిన్న పట్టణం పేరున్నది. అది సీకర్. ఇరవైతొమ్మిదేళ్ళ క్రితం దేశంలో అందరికంటే ముందుగా మందు అందిన నాలుగు జిల్లాలలో ఒకటి, ఈనాడు ఎక్కువ కనిపెట్టి చూడవలసిన చోట్ల పట్టికలోకి ఎక్కింది. ఆ జిల్లాలో శిక్షణ కేంద్రాలు పెరుగుతూ ఉంటే, వాటితో బాటు మానసిక వైద్యం పెరిగిందా అని ప్రతి నెలా అడిగే బల్ల ఒకటి ఉండవలసింది.

అటువంటి బల్ల ఎలా ఉంటుందో కోటా కొంతవరకు చూపించింది. 2023లో ఆ నగరంలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆగస్టులో ఒకే రోజున ఇద్దరు పోయిన తరువాత, రెండు నెలలపాటు పరీక్షలు పెట్టవద్దని జిల్లా అధికారులు శిక్షణ కేంద్రాలను ఆదేశించారు. అంతకు ముందే జూన్‌లో పోలీసులు విద్యార్థుల కోసం ప్రత్యేక విభాగాన్ని తెరిచారు. హాస్టలు గదులలో పంకాలకు స్ప్రింగులు బిగించాలన్న ఆదేశాన్ని చాలామంది ఎగతాళి చేశారు. ఆ ఎగతాళి న్యాయం కాదు. ఆ ఆవేశం తరచుగా కొద్ది నిమిషాలలో దాటిపోతుంది. ఆ నిమిషాలను దాటించగలిగిన ప్రతి ఏర్పాటుకూ విలువ ఉన్నది. స్ప్రింగు బిగించి పని పూర్తయిందనుకొంటేనే తప్పు.

2024లో అక్కడ కలెక్టరుగా ఉన్న డాక్టర్ రవీంద్ర గోస్వామి మరొక మార్గం పట్టారు. ఆయన వైద్యవిద్య చదివిన అధికారి. తానూ ఒకప్పుడు కోటాలోనే ప్రవేశపరీక్షకు చదివినవారు. వారం వారం ఒక హాస్టలుకు వెళ్ళి పిల్లలతో కలిసి భోజనం చేసేవారు. తనిఖీకి వచ్చిన అధికారికి దొరకని సమాచారం, పంక్తిలో పక్కన కూర్చున్న మనిషికి దొరుకుతుంది. కూరలో ఉప్పు దగ్గర మొదలైన మాట, ఆదివారం కూడా పెట్టే పరీక్షల దాకా పోతుంది. అయితే ఇటువంటి మంచి పనులకు ఒక ఆయుర్దాయం ఉంటుంది. ఏ కలెక్టరూ ఒక జిల్లాలో శాశ్వతంగా ఉండడు. బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు ఆ భోజనపు అలవాటు ఆయన పెట్టెలో సర్దుకొని వెళ్ళిపోకుండా ఉండాలంటే, అడగవలసిన ప్రశ్నలు కాగితం మీద ఉండాలి. ఎవరు ఆ కుర్చీలో కూర్చున్నా అవే ప్రశ్నలు అడగాలి.

ఇంగ్లండులో ప్రశ్నను కాగితం మీద పెట్టే కళ బాగా అభివృద్ధి చెందింది. 2008 ఏప్రిలు నుంచి అక్కడ ఏ కారణం చేత మరణించినా సరే, ప్రతి బిడ్డ మరణాన్నీ స్థానిక సంఘం ఒకటి సమీక్షించవలసి ఉన్నది. స్థానిక ప్రభుత్వం, వైద్యులు, పోలీసులు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఎవరిని శిక్షించాలన్నది వారి ప్రశ్న కాదు. ఎక్కడ ఆపగలిగి ఉండేవారమన్నదే ప్రశ్న. అసహజ మరణాలను విచారించే కరోనర్ అనే అధికారికి మరొక అధికారం ఉన్నది. ఒక లోపం సరిదిద్దకపోతే ఇంకొక ప్రాణం పోవచ్చునని తోచినప్పుడు, ఆ లోపానికి బాధ్యులైనవారికి ఆయన లేఖ వ్రాస్తాడు. అది మంత్రి కార్యాలయమైనా, ఆస్పత్రి అయినా, పాఠశాల అయినా 56 రోజులలో జవాబివ్వాలి. లేఖను, జవాబును ప్రజలు చదువుకోవచ్చు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు ఇదంతా చావు తరువాత జరిగే పని గదా అని అనవచ్చును. నిజమే. కాని ప్రశ్నకు గడువు పెట్టడం అన్నది గట్టి ఆలోచన. భారతదేశంలో ప్రశ్నలు బోలెడు. గడువున్న ప్రశ్నలే అరుదు.

ఈ దేశంలో అడగవలసినదంతా చావు రాకముందే అడగవచ్చు. ఇక్కడ తీర్పులో ఉన్న ఒక ముడిని విప్పి చూడాలి. కౌన్సెలరును నియమించేది విద్యాసంస్థ. జీతమిచ్చేదీ అదే. ఒక రెసిడెన్షియల్ కాలేజీని ఊహించుకొంటే చిక్కు తేటపడుతుంది. రెండవ సంవత్సరం చదువుతున్న పిల్లవాడు కౌన్సెలరు గదికి వచ్చి, గత వారం పరీక్షలో మార్కులు తగ్గినందుకు తనను కింది సెక్షనుకు మార్చారనీ, అప్పటినుంచి నిద్ర పట్టడం లేదనీ చెప్పాడనుకొందాము. ఆ సెక్షను మార్పు తీర్పుకు విరుద్ధం. కౌన్సెలరు ఇప్పుడు పిల్లవాడికి ధైర్యం చెప్పి పంపాలా, తన యజమాని తీర్పును ఉల్లంఘించాడని వ్రాయాలా? ధైర్యం చెప్పి పంపితే మరుసటి వారం ఇంకొక పిల్లవాడు వస్తాడు. వ్రాస్తే, ఆ వ్రాసిన కాగితం ఎవరి బల్ల మీదికి పోతుంది? ప్రిన్సిపాలు బల్ల మీదికే అయితే అది అక్కడే నిద్రపోతుంది. పేర్లు లేకుండా లెక్కలు కట్టి ఏడాదికొక నివేదిక పంపమని తీర్పు చెప్పింది. మంచిదే. కాని ఇంటర్మీడియట్ పిల్లవాడికి ఏడాది అంటే సగం చదువు. నివేదిక ప్రయాణం చేసి వచ్చేసరికి అతడు పరీక్ష వ్రాసి, హాస్టలు ఖాళీ చేసి ఉంటాడు. జిల్లా సంఘం నెల నెలా కూర్చొని, కౌన్సెలర్లు యాజమాన్యాన్ని దాటి నేరుగా తనకు వ్రాయగల దారి ఒకటి తెరవకపోతే, ఆ ఉద్యోగం గోడ మీద వ్రాలిన పేరుగా మిగులుతుంది.

అలాగని కలెక్టరు కచేరీ తలుపులు బార్లా తెరవడమూ ప్రమాదమే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి రహస్యాన్ని అతని హక్కుగా చేసింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన వత్తిడిలో ఉన్నవారుగా భావించాలే గాని శిక్షించరాదని అదే చట్టం చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ప్రాణం తీసుకోబోయినవారిని శిక్షించే పాత 309వ సెక్షనుకు చోటు దక్కలేదు. నూట అరవై ఏళ్ళకు పైగా ఆ సెక్షను భయంతో కుటుంబాలు నిజం దాచాయి. ఇప్పుడిప్పుడే పెదవి విప్పుతున్న తల్లిదండ్రులకు, తమ బిడ్డ పేరు ప్రభుత్వ ఫైలులోకి ఎక్కుతుందన్న భయం పట్టుకుంటే మళ్ళీ పెదవి మూసుకుంటారు.

కాబట్టి సంఘానికి అంకెలు కావాలి, పేర్లు వద్దు. వినడానికి సులభమే. కాని చిన్న కాలేజీలో అంకే పేరవుతుంది. 'రెండవ సంవత్సరం, బైపీసీ, బాలిక, ఒకరు' అని నివేదికలో వ్రాస్తే, ఆ బాలిక ఎవరో కాలేజీలో వంటమనిషికి కూడా తెలిసిపోతుంది. నాలుగైదు కాలేజీల లెక్కలు కలిపి చూపడం వంటి జాగ్రత్తలు పాటించకపోతే, రక్షించడానికి పెట్టిన సంఘమే రచ్చకెక్కిస్తుంది.

ఏ అంకె అడగాలన్నది ఇంకొక చిక్కు. జిల్లాలో ఎన్ని మరణాలు తగ్గాయని అడిగితే, మరణాలకు వేరే కారణాలు వ్రాయడం మొదలవుతుంది. ఎంతమందికి కౌన్సెలింగ్ ఇచ్చారని అడిగితే, ఒక హాలులో మూడువందలమందిని కూర్చోబెట్టి ఉపన్యాసమిచ్చి మూడువందలని వ్రాస్తారు. ప్రభుత్వ పథకాల చరిత్ర తెలిసినవారికి ఈ రెండూ కొత్తవి కావు. అబద్ధం చెప్పడం కష్టమైన అంకెలు వేరే ఉన్నాయి. నిపుణుని దగ్గరకు పంపాలని నిర్ణయించిన రోజుకూ, పిల్లవాడు నిజంగా వైద్యుణ్ణి చూసిన రోజుకూ నడుమ ఎన్ని రోజులు? జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుని ఉద్యోగం ఎన్ని నెలలుగా ఖాళీగా ఉన్నది? గత నెల వచ్చిన ఫిర్యాదులలో ఇప్పటికి జవాబు రానివి ఎన్ని? ఈ ఏడాది ఎంతమంది కౌన్సెలర్లు ఉద్యోగం మాని వెళ్ళిపోయారు, ఏ కాలేజీ నుంచి? ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబు ఒక్కటే చాలు, ఏ కాలేజీకి తనిఖీకి వెళ్ళాలో సంఘానికి తెలుస్తుంది.

కౌన్సెలరు చేతిలో లేనివి కూడా కొన్ని ఉన్నాయి. 2019 ఏప్రిలులో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాయి. మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పారు. ఆ తరువాతి రోజులలో ఇరవైమందికి పైగా ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల తయారీలో పొరపాట్లు జరిగినట్లు బయటపడింది. 99 మార్కులు వచ్చిన ఒక విద్యార్థినికి సున్నా అని ప్రకటించారు. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసి, తప్పినవారందరి జవాబు పత్రాలను ఉచితంగా మళ్ళీ పరిశీలించింది. సున్నా వచ్చిన పిల్లకు ఎంత గొప్ప మనోవిజ్ఞానవేత్త అయినా ఏమని ధైర్యం చెబుతాడు? ఆమెకు కావలసినది ధైర్యం కాదు, ఆమె మార్కులు. ఫలితాలు వెలువడే తేదీని జిల్లా సంఘం ముందుగా తెలుసుకొని, ఆ వారం ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయించుకోవచ్చు. పొరపాటు మీద ఫిర్యాదు చేయడానికి తలుపు ఎక్కడున్నదో ఫలితంతో బాటే చెప్పించవచ్చు. ఇవి మనోవిజ్ఞానం కాదు, పరిపాలన.

జిల్లాకు దిగువన గ్రామమున్నది. గ్రామ స్థాయిలో సర్పంచి అధ్యక్షతన బాలల పరిరక్షణ సంఘం ఉండాలని 2009లో మొదలైన సమగ్ర బాలల పరిరక్షణ పథకం చెప్పింది. పిల్లవాడు హాస్టలు నుంచి సెలవుకు ఇంటికి వచ్చి మళ్ళీ వెళ్ళనని మొరాయిస్తే ఆ సంగతి మొదట తెలిసేది ఆ ఊరికే. ఈ రెండు సంఘాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

సంఘం సభ్యులకు తొలి తనిఖీగా ఇంతకంటే తేలికైన పని కూడా ఒకటున్నది. హాస్టలు వరండాలో తీర్పు ప్రకారం 14416 అని పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంటుంది. సభ్యుడు ఆ గోడ ముందు నిలబడి, రాత్రి భోజనాలైన తరువాత, అక్కడి పిల్లవాడికి అందుబాటులో ఉన్న ఫోను నుంచే ఆ నంబరుకు ఫోను చేసి చూడాలి. తెలుగు రాష్ట్రాల రెసిడెన్షియల్ కాలేజీలలో పిల్లలను సెల్ ఫోను ఉంచుకోనివ్వరు. ఉన్న ఫోను వార్డెను బల్ల మీద ఉంటుంది. వార్డెను ఎదురుగా కూర్చుని ఉంటాడు.